మొక్కుగడ్డం

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏటి వేసవిలో, తిరుపతిలో మూతపడిన ఒక వేరుశనగ మిల్లు బొమ్మల బడిగా మారింది. మద్రాసులో పేరు తెచ్చుకున్న శిల్పి దేవరాజులు సెలవులకు సొంత ఊరు వచ్చి, నేర్చుకోవాలన్న ఆశ ఉన్నవాళ్లు రావచ్చునని నాలుగు చోట్లకు కబురు పంపాడు. వచ్చినవాళ్లు కొద్దిమందే. డ్రాయింగు మాస్టరు ఉద్యోగం మీద కన్నువేసినవాళ్లు, సినిమా బ్యానర్లకు రంగులు కలిపేవాళ్లు, శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే జ్ఞానాంబ, చిత్తూరులో లారీలకూ మామిడి మండీలకూ పేర్లు రాసే సుందరరాజు. తెల్లవారకముందే లేవాలి, చీకటి పడి తమ చెయ్యి తమకు కనబడకుండా పోయేంత వరకూ పని ఆపకూడదు. మొదట బొగ్గుతో గీత, ఆపైన రంగు, చివరికి మట్టి. ఏళ్ల తరబడి నేర్వవలసినది ఎండలు తగ్గేలోగా నేర్వాలంటే నిద్రను వదులుకోవాలని దేవరాజులు అనేవాడు. అనడమే కాదు, తానూ నిద్రపోయేవాడు కాడు.

గీతలో సుందరరాజును మించినవాడు ఆ షెడ్డులో లేడు. కుంచె ఎత్తకుండా, చెయ్యి వణకకుండా, ఒక్క విసురులో నెమలి మెడ దించగలడు. రంగులోనూ వెనకబడలేదు. మట్టి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ చెయ్యి అతని చెయ్యి కాకుండా పోయింది. బోర్డు రాసేవాడికి లోకమంతా ఎదురుగానే ఉంటుంది. దానికి పక్కలుండవు, వెనక ఉండదు. అతడు చేసిన తల ఎదుట నిలబడి చూస్తే మనిషి, పక్కకు జరిగి చూస్తే పలక. దేవరాజులు వచ్చి, పక్కనుంచి చూసి, ఏమీ అనకుండా బొటనవేలితో ఆ ముక్కును లోపలికి నొక్కేసి వెళ్లిపోయేవాడు. ఆ నొక్కు మట్టి మీద కాక తన ముఖం మీదే పడినట్టుండేది సుందరరాజుకు. రాత్రి పడుకున్నాక కూడా ముక్కు తడుముకునేవాడు.

చివరి వారం మొదలైన రోజున దేవరాజులు అందర్నీ దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. ఎవరికి వాళ్లు ఒక మనిషిని ఎంచుకొని, ఎదురుగా కూర్చోబెట్టుకొని, ఆ తలను మట్టిలో నిలబెట్టాలన్నాడు. అందరికన్నా బాగా నిలబెట్టినవారిని తనతో మద్రాసు తీసుకుపోయి పనిలో పెట్టుకుంటానన్నాడు. ఆ మాట చెవిన పడినప్పటి నుంచి సుందరరాజుకు అన్నం సయించలేదు. లారీల వెనక ‘హారన్ కొట్టు’ అని రాసి రాసి తన బతుకు కూడా ఆ లారీల వెనకే ఎక్కడో దుమ్ములో కలిసిపోతుందన్న దిగులు అతనికి చాలా కాలంగా ఉంది.

దేవరాజులు పని ఉండి మద్రాసు బయలుదేరుతూ, గురువారం దాటాక వస్తానని చెప్పి, వాకిట్లో ఆగి ఒక హెచ్చరిక చేశాడు. అంతకుముందు వారం ఆయన ఒక కుర్రవాడి నున్నని ముఖం మీద ప్లాస్టరు పోసి అచ్చు తీసే పద్ధతి చూపించాడు. తాను లేనప్పుడు ఎవరూ ఆ పనికి పూనుకోవద్దనీ, గడ్డం మీసం ఉన్న ముఖం జోలికి అసలే పోవద్దనీ, ప్లాస్టరు రాయిగా మారాక వెంట్రుకను వదలదనీ చెప్పాడు. అదీగాక, అచ్చులో మట్టి అదిమి తీసినదాన్ని తల చేయడమనరని కూడా అన్నాడు. అందరితో పాటు సుందరరాజూ తల ఊపాడు.

అతడు ఎంచుకున్న మనిషి చిన్నబ్బ. బడికి మట్టి తోలేది ఆయనే. చెరువులో తవ్విన బంకమట్టిని ఎద్దులబండిలో తెచ్చి, మిల్లు వాకిట పోసి, నీళ్లు చల్లి, కాళ్లతో తొక్కి వెన్నలా చేసి ఇచ్చేవాడు. రొమ్ము మీదికి దిగిన నెరసిన గడ్డం. నడినెత్తిన ముడివేసిన జుట్టు. తొక్కేటప్పుడు గడ్డానికి మట్టి అంటకుండా దాన్ని తువ్వాలుతో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒక చేత్తో రొమ్ముకు అదుముకునేవాడు. అది మొక్కుగడ్డం. కూతురికి మొదట ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. మూడోవాడు పుట్టగానే, మృత్యువు కంట పడకూడదని వాణ్ణి పెంటకుప్ప మీద పొర్లించి కుప్పయ్య అని పేరు పెట్టారు. వాడు బతికాడు గానీ, ఈడు పిల్లలు పరుగులు తీస్తున్నా వాడి కాలు నిలవలేదు. వీడు అలిపిరి మెట్టు మీద తన కాలు తాను మోపిననాడు నా తలా గడ్డమూ నీవి, అంతదాకా కత్తెర తగలనివ్వను అని చిన్నబ్బ కొండకేసి తిరిగి మొక్కుకున్నాడు. ఆ వేసవిలో కుప్పయ్య నడిచాడు. మూడో ఏడు దాటకముందే వాడి పుట్టువెంట్రుకలూ, తాత మొక్కూ ఒకే పూట తీరిపోవాలని, ఆ వచ్చే శనివారం ఇంటిల్లిపాదీ కొండ ఎక్కేందుకు నిశ్చయమైంది.

మట్టి తొక్కుతూ ఆయన ఈ సంగతి చెప్పనివాళ్లు లేరు. విన్నవాళ్లకే మళ్లీ చెప్పేవాడు. శనివారం తర్వాత నిన్నెట్ల గుర్తుపట్టేది పెద్దాయనా అని కుర్రవాళ్లు ఆటపట్టిస్తే, “కాళ్లు సూడండప్పా, మట్టి ఉంటే నేనే” అని నవ్వేవాడు.

ఆ నవ్వునే పట్టాలనుకున్నాడు సుందరరాజు. మొదటి రోజు చేసిన తల మళ్లీ పలకయింది. రెండో రోజు దవడలు కుదిరాయి గానీ చూపు కుదరలేదు. చూపు దిద్దబోతే దవడలు పోయాయి. పక్క పీట మీద జ్ఞానాంబ చేస్తున్న పూలమ్మే ముసలమ్మ తల అప్పుడే అలసి నిట్టూర్చినట్టు కనబడుతోంది. బ్యానర్ల కుర్రవాడు చేసిన బంట్రోతు కూడా ఎటునుంచి చూసినా బంట్రోతే. గురువారం పొద్దున సుందరరాజు తన మట్టిని పీట మీదనుంచి ఊడబెరికి కుండలో పడేశాడు. మరునాటికి సారు వస్తాడు. అచ్చు తీసే ప్లాస్టరు సంచి మూలనే ఉంది.

మధ్యాహ్నం అందరూ సత్రంలో భోజనానికి పోయాక అతడు చిన్నబ్బను లోపలికి పిలిచాడు. ఆయన గడ్డం మీది మమకారాన్నే ఎరగా వేశాడు. శనివారంతో ఇది కొండ పాలవుతుంది. రేపు కుప్పయ్య పెద్దవాడై, నా కోసం పెంచిన గడ్డం ఎట్లా ఉండేదని అడిగితే చూపించడానికి ఏముంటుంది? ముఖానికి చల్లని పూత ఒకటి వేస్తాను, ఒక బీడీ కాల్చేంత సేపు కదలకుండా పడుకుంటే ఉన్నది ఉన్నట్టు అచ్చు దిగుతుంది, అది నిలిచిపోతుంది అన్నాడు. చిన్నబ్బ మొదట సిగ్గుపడ్డాడు. మట్టి తోలేవాడికి బొమ్మేమిటని అన్నాడు. తర్వాత గడ్డం నిమురుకుంటూ ఒక్క మాట అడిగాడు.

“గడ్డానికేం గాదు గదప్పా?”

“ఏమీ గాదు పెద్దాయనా. నాది పూచీ.”

ఆ మాట నోటినుంచి అంత సులువుగా వచ్చినందుకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నా, అప్పుడు మాత్రం అది సులువుగానే వచ్చింది.

చిన్నబ్బ బెంచీ మీద వెల్లకిలా పడుకున్నాడు. సుందరరాజు ఆయన ముక్కుపుటాల్లో బొప్పాయి ఆకుకాడలు రెండు, గాలి ఆడేట్టు అమర్చాడు. కనుబొమలకూ రెప్పలకూ మీసానికీ కొబ్బరినూనె పట్టించాడు. గడ్డం దగ్గరికి వచ్చేసరికి సీసా అడుగంటింది. వెంట్రుకల మీద సబ్బునురగ మందంగా మెత్తి, సందులన్నీ పూడిపోయాకే ప్లాస్టరు పోయాలని సారు చూపించాడు. సబ్బు అరగదీస్తూ కూర్చుంటే భోజనానికి పోయినవాళ్లు వచ్చేస్తారు. ఉన్న నాలుగు చుక్కలూ అరచేతిలో పోసుకొని గడ్డం పైపైన రాశాడు. పైకి నిగనిగలాడింది. చాలుననుకున్నాడు.

తడి ప్లాస్టరు ముఖం మీద పరుచుకొని, తెల్లబడి, వెచ్చబడి, రాయి అయింది. ఆ రాయి లోపలినుంచి ఊపిరి కాడల గుండా సన్నగా ఈలవేస్తూ ఉంది. సుందరరాజు అంచులు పట్టి మెల్లగా ఎత్తాడు. నుదురు వదిలింది, కళ్లు వదిలాయి, ముక్కు వదిలింది. కాడలు జారి కింద పడ్డాయి. చుబుకం దగ్గర మాత్రం అచ్చు ఆగిపోయింది. ఇంకొంచెం లాగాడు. చిన్నబ్బ తల అచ్చుతో పాటే పైకి లేచింది. పెదవులు లోపలే చిక్కుకున్న నోటినుంచి మాట కాని ఒక మూలుగు వచ్చింది.

వాకిట్లో అడుగుల చప్పుడైంది. అందరికన్నా ముందు తిరిగి వచ్చినది జ్ఞానాంబ. అతనికన్నా పెద్దది, ఇద్దరు బిడ్డలను తల్లి దగ్గర వదిలి వచ్చింది. వచ్చినరోజు నుంచి అతణ్ణి తమ్ముడూ అనే పిలిచేది. ఒక్క చూపులో ఆమెకు అంతా అర్థమైంది. తిట్టలేదు. కొంగు నడుముకు చుట్టుకొని బెంచీ పక్కన మోకాళ్ల మీద కూర్చొంది.

“పగలగొట్టు తమ్ముడూ. ఇంకా పచ్చిగానే ఉండాది. రంపం బ్లేడుతో గాట్లు పెట్టి ముక్కలు ముక్కలుగా తీద్దాం. ఎంటికలు నేను ఒక్కొక్కటే ఇడదీస్తా. పొద్దు గూకేదాకా పట్టినా పట్టనీ.”

సుందరరాజు ఏటవాలుగా లేచిన ఆ అచ్చు లోపలికి చూశాడు. లోపల చిన్నబ్బ ఉన్నాడు. కంటి కొసల ముడతలు, బుగ్గ మీది గుంట, నవ్వబోయి ఆగిన పెదవి పైభాగం. ఇన్ని రోజులు చేతులు అరిగేలా కుస్తీపట్టినా దొరకనిదంతా అక్కడ, ఆ తెల్లని గుంటలో, చుక్క కూడా చెదరకుండా నిలిచి ఉంది. పగలగొడితే గడ్డం మిగులుతుంది. గడ్డం కోస్తే అచ్చు మిగులుతుంది. ఇంతకన్నా తేటగా ఏ లెక్కా అతని ముందు ఎప్పుడూ నిలబడలేదు.

“అంతసేపు ఆగలేడక్కా,” అన్నాడు. “ఊపిరాడదు ఆయనకు.”

అంటూ ఉండగానే చిన్నబ్బ ఊపిరి, బయటపడిన ముక్కులోనుంచి, వెచ్చగా అతని మణికట్టు మీద తగులుతోంది.

కాన్వాసు కోసే కత్తెర అందుకున్నాడు. లోహం మెరుపు చూడగానే చిన్నబ్బ కళ్లు పెద్దవయ్యాయి. నోరు రాతిలో ఉంది గనుక వద్దని అనలేడు. చెయ్యి మాత్రం లేచి వచ్చి సుందరరాజు మణికట్టును పట్టుకుంది. మట్టి పని చేసిన చెయ్యి, గట్టిదే. కానీ అది విదిలించలేదు, నెట్టలేదు. జాతరలో పిల్లవాడు పెద్దవాళ్ల చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకొని ఆగిపోయింది. సుందరరాజు రెండో చేత్తో ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విప్పాడు. విప్పి, ఆ చేతిని ఆయన రొమ్ము మీదనే పెట్టాడు. పెట్టి, అచ్చుకూ చుబుకానికీ నడుమ కత్తెర దూర్చాడు. గట్టి జుట్టు, కరకరమని చప్పుడు చేసింది. జ్ఞానాంబ ముఖం అటు తిప్పుకుంది.

లేచి కూర్చున్న చిన్నబ్బ చుబుకం తడుముకున్నాడు. అక్కడ ఎగుడుదిగుడుగా, కోసిన పైరు మోళ్లలాగా, ఇంత మిగిలింది. ఒకసారి కాదు, చేతికి నమ్మకం చాలనట్టు మళ్లీ మళ్లీ తడుముకున్నాడు. తువ్వాలు విదిలించి, ముక్కు కిందినుంచి మెడదాకా ముఖాన్ని చుట్టుకొని, బయటికి నడిచి, ఎద్దులను అదిలించుకుంటూ ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో వెళ్లిపోయాడు. సుందరరాజు రెండు చేతులా అచ్చును పట్టుకొని నిలబడ్డాడు. దాన్ని ఎక్కడా పగలనివ్వకుండా దించాలన్న జాగ్రత్త అంత సిగ్గులోనూ అతని చేతులకు మిగిలే ఉంది. అది తెలిసి అతనికి ఇంకా సిగ్గువేసింది. తెలిసినా చేతులు మాత్రం జాగ్రత్తగానే దించాయి.

సాయంత్రం ఆ అచ్చులో మట్టి అదిమాడు. ఆరనిచ్చి తీస్తే చిన్నబ్బ ముఖం చేతుల్లోకి వచ్చింది. మట్టి చుబుకం నిండా తెల్లని వెంట్రుకల కొసలు. ప్లాస్టరులో ఇరుక్కున్నవి కొన్ని తెగి మట్టికి అంటుకొని, గాలికి సన్నగా కదులుతున్నాయి. మట్టి మనిషికి ప్రాణమున్న గడ్డం మొలిచినట్టుంది. అతడు వాటిని గోళ్లతో ఏరాడు. ఏరినవాటిని ఎక్కడ వెయ్యాలో తెలియలేదు. చివరికి తీసుకెళ్లి అచ్చులోనే వేసి, దాన్ని గోనెపట్టాల కింద దాచాడు. తర్వాత తెల్లవార్లూ కూర్చొని కళ్లు తెరిపించి, చెవులు పెట్టి, నెత్తిన ముడి వేసి, గడ్డాన్ని రొమ్ముదాకా దించాడు.

శుక్రవారం దేవరాజులు వచ్చాడు. ఒక్కొక్క పీట దగ్గరా ఆగుతూ చివరికి సుందరరాజు పీట దగ్గరికి చేరి, అలవాటు ప్రకారం పక్కకు నడిచి చూశాడు. సుందరరాజు ఆ బొటనవేలినే చూస్తున్నాడు. బొటనవేలు లేవలేదు. ఆయన వెనక్కి కూడా నడిచి వచ్చి, అతని భుజం మీద చెయ్యి వేసి, “చెయ్యి తిరిగిందయ్యా నీకు,” అన్నాడు. ఆ షెడ్డులో అంతవరకూ ఎవరూ పొందని మాట అది. కుర్రవాళ్లు చుట్టూ మూగి చప్పట్లు కొట్టారు. జ్ఞానాంబ తన పీట మీదికి వంగి, ముసలమ్మ చెవి వెనక మట్టి సరిచేస్తూ, తల ఎత్తలేదు. ఆమె ఒక్క మాట అని ఉంటే సుందరరాజుకు బాగుండేది. అనలేదు. సాయంత్రం ఊరి పెద్దలు చూడవస్తారనీ, ఆ పెద్దాయనను పిలుచుకొని వస్తే బొమ్మ పక్కన కూర్చోబెడదామనీ, అందరూ రెండింటినీ కలిపి చూడాలనీ దేవరాజులు అన్నాడు. పిలుచుకొని రమ్మని సుందరరాజునే పంపాడు.

కాళ్లు ముందుకు పడక, పడకుండా ఉండలేక, అతడు అలిపిరి దారిన నడిచాడు. పశ్చాత్తాపం తోసి వెళుతున్న నడక కాదది. గురువు చెప్పిన పని. ఆ సంగతి కూడా అతనికి తెలుసు.

దారికి ఎడంగా, బండలకు ఆనుకొని ఉన్న పూరిళ్లలో చిన్నబ్బ ఇల్లు దొరికింది. వసారాలో ఆయన గోడకు ఆనుకొని కూర్చున్నాడు. తువ్వాలు ముఖం మీదినుంచి తియ్యలేదు. భార్య సిద్ధమ్మ చేట ముందు పెట్టుకొని, బియ్యం ఏరుతూ, మొగుణ్ణి కడిగేస్తోంది. సుందరరాజును చూసి ఆపలేదు. వినేవాడు దొరికాడని ఇంకా గట్టిగా అందుకుంది.

“సూడు నాయనా, ఈయన యవ్వారం. బొమ్మ సేయించుకుంటాడంట బొమ్మ! ఆశపడి పోయి ఆ సున్నంలో గడ్డం పెట్టుకున్న్యాడంట, కదలొద్దంటే కదిలినాడంట, అతుక్కుపోయిందంట. ఇన్నాళ్లు నీళ్లకు తడవనీకుండా కాపాడి, ఇంగ రేపు ఎక్కాలంటే నిన్న పోగొట్టుకొని వచ్చినాడు. రేపు స్వామి మొగం ఎట్ల సూస్తాడో!”

కదలొద్దంటే కదిలానని చెప్పుకున్నాడా ఆయన! సుందరరాజుకు తల కొట్టేసినట్టయింది. ఆ పూరింటి నీడలో, తువ్వాలు పైన రెండు కళ్లు అతణ్ణి చూసి నేలకు దిగాయి. బొమ్మ మీద ఆశపడినందుకు చిన్నబ్బ తనకు తానే సిగ్గుపడుతున్నాడు. ఒకరి సిగ్గు చాటున ఇంకొకరు దాక్కుని బయటపడవచ్చు. పెద్దాయనా, సారు రమ్మంటున్నాడు అని చెప్పి ఊరుకోవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వసారా అంచున కుప్పయ్య, నేర్చిన నడకను మరిచిపోతానేమోనన్నట్టు, గుంజ పట్టుకొని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

“ఆయన కదల్లేదు,” అన్నాడు సుందరరాజు. “నూనె సరిగ్గా పూయలేదు నేను. సారు వద్దన్న పని చేసినాను. అచ్చు పగలగొట్టి ఉంటే గడ్డం మిగిలేది. అచ్చు పోతుందని గడ్డం కోసినాను. ఊపిరాడదన్నది అబద్ధం.”

సిద్ధమ్మ చేతిలో చేట ఆగిపోయింది. చిన్నబ్బ మాత్రం ఉలిక్కిపడలేదు.

“ఇన్న్యాను గదప్పా,” అన్నాడు మెల్లగా. “నోరు మూసినావు గానీ, సెవులు బయటే ఉన్న్యాయి. ఆయమ్మ పగలగొట్టమన్న్యాది.”

చెప్పేస్తే లోపల ఏదో దిగుతుందని దారి పొడుగునా సుందరరాజు మనసు మూలన ఒక ఆశ ఉండినట్టుంది, దిగలేదు. సిద్ధమ్మ చేటను పక్కన పెట్టి, అతణ్ణి ఆపాదమస్తకమూ చూసింది. ఇప్పుడు ఆమె గొంతులో కేకలు లేవు.

“సెప్పుకున్న్యావు. నీ బరువు దిగింది. మాది యాడ దించుకోవాల?”

సుందరరాజు మోకాళ్లు వంచి కాళ్లు పట్టుకోబోయాడు గానీ, చిన్నబ్బ కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. కోసిన వెంట్రుకలు ఎక్కడున్నాయని అడిగాడు. అచ్చులో ఉన్నాయన్నాడు సుందరరాజు. ఒక్కటి కూడా నేల పాలు గాకుండా తెచ్చి ఇమ్మన్నాడు ఆయన. ప్రయాణం ఆపితే పిల్లవాడికి బేసి ఏడు దాటిపోతుంది, మళ్లీ ఐదో ఏడు దాకా ఆగాలి. అందుకని ఆగేది లేదు, తల్లో ఉన్నది తల్లో ఉంది, తెగింది మూటలో వస్తుంది అన్నాడు. ఆపైన సుందరరాజుకేసి తిరిగాడు.

“గడ్డానికి కత్తెర ఎట్ల తగిలిందిరా అని స్వామి అడుగుతాడు. నేనేం సెప్పేది? నువ్వు రా. నువ్వే సెప్పు.”

సుందరరాజు షెడ్డుకు తిరిగి వచ్చేసరికి బల్లలు సర్దుతున్నారు. అతని బొమ్మను నడుమన పెట్టారు. అతడు గోనెపట్టాల కిందినుంచి అచ్చు తీసి, అందరి ఎదుటా నేల మీద గుడ్డ పరిచి, దాని మీద పెట్టి సుత్తితో కొట్టాడు. అంత భద్రంగా దించిన అచ్చు ఒక్క దెబ్బకే పగిలింది. ముక్కల్లోంచి తెల్లని వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా వేలాడాయి. దేవరాజులు దగ్గరికి వచ్చి, బుగ్గ గుంట పడిన ముక్కనొకదాన్ని చేతిలోకి తీసుకొని, బల్ల మీది తలను చూశాడు, మళ్లీ ముక్కను చూశాడు. సుందరరాజు జరిగినదంతా చెప్పాడు. ఆయన కోప్పడలేదు. ఏ చెయ్యి నీ భుజం మీద వేసి ఆ మాట అన్నానో ఆ చెయ్యి కడుక్కోవాలని మాత్రం అనిపిస్తోందని, చాలా మామూలు గొంతుతో అని, బల్ల మీది తలను తియ్యమన్నాడు. సుందరరాజే దాన్ని ఎత్తి వాకిట్లోని మట్టిగుంతలో వేశాడు. చిన్నబ్బ తొక్కి పెట్టిన మట్టే. తేడా తెలియకుండా కలిసిపోయింది.

ఊరి పెద్దలు బొమ్మలు చూసిపోయేంతసేపూ అతడు వెనక వసారాలో కూర్చొని ప్లాస్టరు ముక్కల్లోంచి వెంట్రుకలు తీస్తూనే ఉన్నాడు. కొంతసేపటికి జ్ఞానాంబ వచ్చి ఎదురుగా కూర్చొని, నీళ్లలో నానబెట్టిన ముక్కలను సూదితో గీకి, ఒక్కొక్క వెంట్రుకనే విడదీసి గుడ్డలో వేసింది. నిన్న చేస్తానన్న పనే.

శనివారం అలిపిరి దగ్గర కుప్పయ్యను తల్లి చంకలోనుంచి దించింది. వాడు మెట్టును చూశాడు, తాతను చూశాడు, రెండు చేతులూ మెట్టు మీద ఆనించి, పాకబోయి, ఏమనుకున్నాడో లేచి నిలబడి కాలు మోపాడు. గోవిందా అని చుట్టుపక్కల ఉన్న యాత్రికులు కూడా అందుకున్నారు. చిన్నబ్బ ముఖానికి చుట్టుకున్న తువ్వాలు తడిసింది. వాళ్లందరికీ నాలుగు మెట్లు కింద, మూట పట్టుకొని సుందరరాజు నిలబడ్డాడు. ఆ గోవింద నామానికి గొంతు కలపడానికి తనకు అర్హత ఉందో లేదో తెలియక పెదవులు మాత్రం కదిపాడు. కొండ ఎక్కుతున్నంతసేపూ అతణ్ణి రమ్మన్నవాళ్లు లేరు, పొమ్మన్నవాళ్లూ లేరు. నీళ్లు తాగేచోట సిద్ధమ్మ చెంబు అందరికీ అందించి, అతని దగ్గరికి వచ్చేసరికి కింద పెట్టింది. అతడు వంగి తీసుకొని తాగాడు.

కల్యాణకట్టలో వరస కట్టి కూర్చున్నారు. ముందు కుప్పయ్య ఏడుస్తూనే గుండు చేయించుకున్నాడు. తర్వాత చిన్నబ్బ కూర్చొని తువ్వాలు విప్పాడు. క్షురకుడు తలమీద నీళ్లు చల్లి, ముడి విప్పి, గడ్డం దగ్గరికి వచ్చి చెయ్యి ఆపాడు. ఎన్నో వేల గడ్డాలు చూసిన మనిషి, నవ్వు ఆపుకోలేకపోయాడు.

“ఎవురు పెద్దాయనా ఇంత గొగ్గులుగా గొరిగింది? మేక మేసినట్టు ఉండాదే!”

వరసలో ఉన్నవాళ్లు వంగి చూసి నవ్వారు. చిన్నబ్బ తల తిప్పి సుందరరాజు వైపు చూశాడు.

“నేను,” అన్నాడు సుందరరాజు.

“ఏమప్పా, పని నేర్చుకుంటాండావా?” అన్నాడు క్షురకుడు. ఈసారి నవ్వు ఇంకా పెద్దదైంది. వెనకవాళ్లకు సంగతేమిటో ముందువాళ్లు చెబుతూ ఉండగా నవ్వు గోడదాకా పోయి వచ్చింది. సుందరరాజు ఆ నవ్వు నడుమ నిలబడి మూట విప్పాడు. చిన్నబ్బ చెయ్యి చాచి, ప్లాస్టరు పొడి అంటిన ఆ వెంట్రుకలను పిడికిట్లోకి తీసుకొని, కళ్లు మూసుకొని ఏదో గొణుక్కొని, అప్పుడే రాలుతున్న తన తలనీలాల మీద వదిలాడు. కత్తి చుబుకం మీదికి దిగింది. ఉన్న కాస్తా పోయింది.

ఆయన లేవగానే ఖాళీ అయిన చోటును చూపించి, నువ్వూ కూర్చుంటావా అన్నట్టు క్షురకుడు సుందరరాజుకు సైగ చేశాడు. అంతవరకూ తోచనిది అప్పుడు తోచింది అతనికి. తలనిండా నల్లని జుట్టు ఉంది. ఇచ్చేస్తే, ఆ నీళ్లతో పాటు కొంతైనా కడుక్కుపోతుందేమో. ఒక అడుగు ముందుకు వేసి కూర్చోబోయాడు.

“ఆయప్పకు మొక్కేం లేదు,” అంది సిద్ధమ్మ, మనవడి గుండుకు గంధం రాస్తూ, అటు చూడకుండానే. “ఎనకాలోళ్లను రానీ.”

వంగిన మనిషి అట్లాగే ఆగి, మళ్లీ నిటారుగా లేచాడు. వెనకనుంచి ఎవరో జరగమని భుజం తట్టారు. అతడు జరిగాడు.